చెవులు చేసేటోడు

పోచమ్మమైదాన్ మలుపుల
నాలుగు రేకులు, ఒక ఆకురాయి, ఒక గీర్ల మిషన్.
నలభై రెండేండ్ల సంది చెవులు చేస్తున్న.
ఈ పట్నం తలుపు దగ్గరికేసుకుని పండుతదా
గడియ మీద గడియ పెట్టుకుని పండుతదా
అందరికంటె ముందుగాల నాకెరుక.

మొన్న శ్రావణ శుక్రవారం
కొత్తవాడల దుర్రీలు నేసిన బిట్ల నాంచారమ్మ
తోటకూర కట్ట చేతవట్టుకుని వస్తుంటే
మెడల పుస్తెలతాడు తెంపుకపోయిన్రు.
మూడు తులాలు.
మంచానవడ్డ మొగని మందులకు కూడ
తాకట్టు వెట్టని మూడు తులాలు.

పొద్దుగూకకముందే టీవీల ఎర్రక్షరాలు ఉరికినయి:
ఓరుగల్లుల దిగిన ఉత్తరాది ముఠా!
దేశపటం మీద పైనుంచి కిందికి
మా దిక్కే బాణాలు.
ఎవలు చూసిన్రు, ఎవలు చెప్పిన్రు, ఎవలడిగిన్రు?
ఆ వారం అరవై ఒక్క తాళం అమ్మిన.
అబద్ధమెందుకు, గల్లా నిండింది.

అగో, గప్పుడే వచ్చిండు
ఎనుమాముల మిరపబస్తాలు మోసే రాజ్‌దేవ్ మాంఝీ.
ట్రంకుపెట్టె చెవికి జోడు కావాల్నట.
ఎర్రగా కారం పట్టిన గోర్లు.
'మిషన్ ఖరాబైంది' అన్న.
మిషన్ నడుస్తనే ఉన్నది.
అడగకముందే ఆధార్ కార్డు తీసి బల్ల మీద వెట్టిండు.
'హమ్ భీ యహీఁ కే హైఁ చాచా, ఇసీ దేశ్ కే.'
నేను పంద్రాగస్టు తప్పనోన్ని.
రేకుల మీద జెండా ఇంకా దించలేదు,
దాని కిందనే ఒక మనిషి
తన దేశం తనదని నాకు కాగితం చూపెట్టిండు.
కార్డు తీసుకున్నడు.
చెవి మరిచిపోయిండు.

పన్నెండో నాడు దొరికిండు దొంగ.
మా గల్లీల డ్రాయింగ్ సారు మనవడు, రుత్విక్.
ఫోనుల బెట్టింగు, బండి మీద కిస్తీలు.
ఆ బండికి పోయిన చెవి
ఎండకాలం నేనే చేసిచ్చిన.

గంటల్నే టీవీ గొంతు మెత్తవడ్డది.
పటం మడిచి పెట్టిన్రు.
పిలగాని బడి ఫోటో, వెనుక ఏడుపు వాయిద్యం,
కుర్చీలల్ల నలుగురు:
నిరుద్యోగమట, వ్యవస్థనట, ఒత్తిడట.
బిహారోడైతే నెత్తురుల దోషం,
మనోడైతే కాలం దోషం.
నాంచారమ్మ మెడ మీది గీత
ఏ కెమెరాకు కానరాలె.

నేను పాతకాలపోన్ని, నాది మొరటు లెక్క.
మెడ మీద చెయ్యేసినోనిదే తప్పు.
వాడు పుట్టిన జిల్లాది కాదు,
వాని జేబుల లేని పైసలదీ కాదు.
కొత్తవాడ మగ్గాలు ఆగిన ఏడు
గంజి తాగి పండినం వందల ఇండ్లోళ్లం.
ఎవడు ఎవని మెడ తెంపిండు?
రుత్విక్ జైలుకు పోవాలె.
సారు ముఖం చూడలేక ఆ బాట మానేసిన నేనే అంటున్న, పోవాలె.

రాత్రి బీటు జవాను
కరెంటు స్తంభం మీద లాఠీతోని రెండు దెబ్బలు కొట్టేది.
అరుగు మీద ముసలోళ్లు
'ఎవని కొడుకువురా' అని ఆపేటోళ్లు.
గా భయం మళ్లొస్తే బాగుండు అంటుంట.
అంటుంట గని,
గదే మాట మాంఝీనడిగితే
ఆయన చెప్పే తండ్రి పేరు
నాకేం ఎరుక?

చెవి ఇద్దామని మిల్లుకాడికి పోయిన.
ట్రంకు తాళం రాయితోని పగలగొట్టుకుని
బట్టలు మూటగట్టి దానాపూర్ రైలెక్కిండని
చాయ్ హోటలాయన చెప్పిండు.

జోడు చెవి కూడ చేసి పెట్టిన.
రెండు ఒకే మేకుకున్నయి,
లారీ పోతే గల్లుమంటయి.

నిన్న నాంచారమ్మ వచ్చింది, మెడల పసుపుతాడు.
బీరువ చెవి పోయిందట.
లోపలేమున్నయని అడగలేదు.
మేకు దిక్కు చూసి
'గవి ఎవలియి కొడుకా?' అన్నది.
'ఒకాయనవి.'
'మరి ఇయ్యకపోతివి?'

మిషన్ బటన్ వేసిన.
మంచిగనే నడుస్తున్నది.